లక్క ముద్ర కింద ఎర్ర నూలు

మజిలీ 88. బ్యాటరీ 12.1

ఈ పుస్తకం ఏడో నంబరు బండిది. రాసేది సుంకులమ్మ. బండి తోలేదీ, మా పదకొండు బండ్ల బిడారు మొత్తానికీ రాగి తీగ చుట్టిపెట్టేదీ కూడా నేనే. పాత పుస్తకం నిండిపోయింది. కొత్తదాని మొదటి పేజీలో పద్ధతి రాయాలంటారు కాబట్టి రాస్తున్నాను. అబద్ధం రాయకూడదు. రాసింది కొట్టెయ్యకూడదు. పెద్దబావి చేరిన రోజు అందరి ముందూ ఒక్క ముక్క వదలకుండా పైకి చదవాలి, చదివేది వేరే బండి మనిషై ఉండాలి. ఈ విడత మా పుస్తకం చదివే చీటీ ముందు బండి తోలే మద్దిలేటి మామకు వచ్చింది. సంతోషం. కోడి గెలికినట్టుండే నా రాతను చదవగలిగేది ఆయనొక్కడే. నాకు అక్షరాలు దిద్దించిందీ, తీగ చుట్టడం నేర్పిందీ ఆయనే కాబట్టి ఆ పాపం ఆయనదే.

ఇక బండి సంగతి. మా డైనమో ముసలిదైపోయింది. పాత పుస్తకాల్లో దాన్ని ఆల్టర్నేటర్ అంటారు, బిడారులో ఎవరూ అనరు. ఇంజను తిరిగినంతసేపూ దాంతోపాటు తిరిగి బ్యాటరీకి కరెంటు పెడుతుంది, దాని పని అంతే. ఇప్పుడు బేరింగు గరగరలాడుతోంది, లోపలి కార్బన్ ముక్కలు అరిగి గోరంత మిగిలాయి. లోపలి తీగ మూడుసార్లు విప్పి చుట్టాను, ఇంక దానికి ఓపిక లేదు. బండి పైకప్పు మీద సూర్యుడి పలకలున్నాయి గానీ, సూర్యుడు దుమ్ము వెనక్కి పోయి పదమూడేళ్లయింది. వాటి మీద అంట్లు ఆరబెట్టుకుంటున్నాం. కానుగ నూనె పోసి ఇంజను తిప్పితేనే కరెంటు.

ఆ కరెంటే మా అక్క హనుమక్కకు ఊపిరి. ఆమె ఊపిరితిత్తుల నిండా దుమ్మే. బిడారు ఆగినప్పుడల్లా ముక్కుకు గొట్టం తగిలించి ఊపిరి పెట్టె పెట్టాలి. బ్యాటరీ పదకొండున్నర కిందికి జారితే పెట్టె ఆగిపోతుంది. అప్పుడు తోలు తిత్తి పట్టుకుని చేత్తో నొక్కుతూ కూర్చోవాలి. నేను ఏకబిగిన రెండు గంటలు నొక్కగలను. ఆ తర్వాత నా చేతులు నా మాట వినవు.

మజిలీ 90. బ్యాటరీ 11.9

కొత్త డైనమో పూర్తయింది. పద్నాలుగు రోజుల పని. పాడుబడిన రైల్వే క్వార్టర్లలో సీలింగు ఫ్యాన్లు విప్పి తీసిన రాగి, ముప్పై ఆరు గాడుల్లోనూ లెక్క తప్పకుండా చుట్టాను. తీగ కదలకుండా నూలుతో బిగించి కట్టి, పైన వార్నీషు పోస్తాం. తెల్ల నూలు అయిపోయింది. అక్క తన ఎర్ర చీర అంచు పీకి దారాలు తీసి ఇచ్చింది.

"ఇంగ ఇది కట్టుకోని యాడికి పోతా మే. దానికే కట్టు," అంది.

కట్టాను. పెంకు సందుల్లోంచి చూసినా లోపల ఎర్రగా కనిపిస్తోంది. చూసుకుని మురిసిపోయాను, దాచుకోవడం దేనికి. నలభై ఒక్కేళ్లకి చేతికి పని పట్టుబడిందని మొదటిసారి అనిపించింది.

మజిలీ 91. బ్యాటరీ 12.5

ఈరోజు మధ్యాహ్నం విడిదిలో మద్దిలేటి మామ వచ్చి కొత్తది బిగించాడు. మొదటి పేజీలో రాయాల్సింది ఒకటి మరిచాను, ఇక్కడ రాస్తాను. దుమ్ము మొదలైన ఏడాది జనం ఎవరి బండిలో వాళ్లు విడిభాగాలు దాచుకుని, ఆగిపోయిన బండ్లను దారిలో వదిలేసి పోయారు. అందుకని మన బిడారులో ఎవరి బానెట్టూ వాళ్లు తెరవకూడదు. చీటీ వచ్చినవాడే తెరవాలి, పనయ్యాక మూసి లక్కతో తన ముద్ర వెయ్యాలి. తెరిచి ఉన్నంతసేపూ బండి మనిషి వీపు తిప్పి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. నిన్ను నమ్ముతున్నాను అని వేరే చెప్పే పని లేదు.

మా బండి చీటీ కూడా మామదే. నేను అలాగే నిలబడ్డాను. అక్క మంచం బండి ముందు చక్రం పక్కన వేశాం. పడకలో ఉన్నవాళ్లు వీపు తిప్పలేరు కాబట్టి కళ్లు మూసుకుంటే చాలు. మామ గంటసేపు పానాలతో కుస్తీ పట్టాడు. చివర్లో, పద్ధతి ప్రకారం, పాతదాన్ని గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టాడు.

"నీ పనితనం బాగుండాది మే సుంకూ. నన్ను దాటిపోయినావు," అన్నాడు.

ఆ మాటకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన వెళ్లాక అక్కను అడిగాను, ఎట్లా బిగించాడని.

"నాకేం తెల్సు, కండ్లు మూసుకోనుంటిని కదా," అని అటు తిరిగి పడుకుంది.

మజిలీ 93. బ్యాటరీ 12.2

ఇంజను తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర పద్నాలుగు చూపించాలి. పదమూడున్నర చూపిస్తోంది. కొత్త బెల్టు సర్దుకోవాలేమో. బ్యాటరీ నా సీటు కిందే ఉంటుంది కాబట్టి మీటరు పెట్టి చూసుకోవచ్చు, బానెట్టు జోలికి పోనవసరం లేదు.

మామ బండికి కూడా కొత్త డైనమో పడిందట. తనే చుట్టుకున్నాడట, ఆ బండి చీటీ వచ్చిన కుర్రాడు సుంకన్న బిగించాడు. డెబ్బై దగ్గరపడుతున్న మనిషి, ఆ చేతులకు దండం పెట్టాలి. ముందు బండి దీపాలు ఈ సాయంత్రం దుమ్ములో కిలోమీటరు దాకా కనిపించాయి.

మజిలీ 94. బ్యాటరీ 11.8

ఇంజను తిరుగుతుంటే కూడా పన్నెండు పాయింటు తొమ్మిదే చూపిస్తోంది. అద్దం కింద, ఛార్జి సరిగా ఎక్కకపోతే వెలిగే ఎర్ర దీపం సన్నగా వెలుగుతోంది. దీపాలు కొట్టుకుంటున్నాయి కాబట్టి లోపలి మూడు తీగ వరసల్లో ఒకటి తెగి ఉండాలి.

మామను పిలిచాను. నేను వీపు తిప్పాను, ఆయన లక్క పగలగొట్టి చూశాడు. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూస్తున్న చప్పుడు నాకు వినిపించింది.

"కాలిన వాసనొస్తాండాది మే. వార్నీషు నిలబడల్యా. ఏదో ఒక గాడిలో తీగ ఒరుసుకోనుంటాది," అన్నాడు.

"నేను ప్రతి గాడిలో కాగితం పెట్టినా మామా."

"పెట్టింటావులే. ఒకోసారి చెయ్యి జారుతాది. నాకు జారల్యా?"

తలకొట్టేసినట్టయింది. ఆయన లక్క ముద్ర వేసి వెళ్లిపోయాడు. సాయంత్రం ప్రయాణం పొడుగునా స్టీరింగు పట్టుకుని ముప్పై ఆరు గాడులూ మనసులోనే మళ్లీ చుట్టాను. ఎక్కడా జారినట్టు గుర్తు లేదు. గుర్తు లేకుండానే జారి ఉంటుంది, జారడమంటే అదే కదా.

మజిలీ 95. బ్యాటరీ 11.4

మధ్యాహ్నం విడిదిలో ఊపిరి పెట్టె ఆగిపోయింది. నేను తిత్తి నొక్కాను. అక్క పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగి, మళ్లీ మామూలయ్యాయి. రెండు గంటల తర్వాత సుంకన్న వచ్చి కాసేపు నొక్కాడు. అక్కను చంపేది దుమ్ము కాదు, నా చెయ్యి జారడమే అని ఆ కాసేపట్లో నాకు నేను వందసార్లు చెప్పుకున్నాను.

మజిలీ 96. బ్యాటరీ 11.5

బిడారు పెద్ద ఈరన్న అందరినీ కూర్చోబెట్టాడు. పదకొండు బండ్లలో ఆరింటి డైనమోలు నేను చుట్టినవే. అవి కూడా ఇలాగే పోతే ఏం గతి అని అడిగాడు. అడగడంలో తప్పు లేదు. పెద్దబావి చేరేదాకా ఎవరికీ నేను చుట్టకూడదని తేల్చారు. చుట్టుడు యంత్రం నా బండి దింపి మామ బండిలో పెట్టారు. నేనే ఎత్తి ఇచ్చాను.

మామ నా తరపున మాట్లాడాడు. "పిల్ల మీద కోపం పెట్టుకోవాకండి. నేర్చుకుంటాండాది. తప్పు ఎవురికైనా జరుగుతాది," అన్నాడు.

అందరూ తలూపారు. ఆయన దయకి నా గుండె కరిగిపోయింది. పోయి ఆయన కాళ్లకు దండం పెట్టాను. రాసింది కొట్టెయ్యకూడదు కాబట్టి ఈ వాక్యం ఇలాగే ఉంటుంది.

మజిలీ 97. బ్యాటరీ 11.3

పెట్టె ఉదయం అరగంట పనిచేసింది. మిగతాదంతా తిత్తే. వంతులు వేసుకున్నాం. మా బండికి సాయం చెయ్యడం వల్ల మూడు బండ్లలో వంట ఆలస్యమైంది, ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉంది.

పాత డైనమో గుడ్డలోనే ఉంది, బేరింగు పట్టేసి మళ్లీ బిగించడానికి పనికిరాదు. తీగ లేకపోయినా ఊరికే దారంతో చుట్టి చూసుకుంటున్నాను, ఎక్కడ తప్పు చేసి ఉంటానా అని. అక్క చాలాసేపు చూసింది.

"నీ చుట్టులో తప్పు ల్యా మే," అంది.

"నీకెట్ల తెలుసు?"

"ల్యా అంటాండా కదా. ఆ దారం పక్కన పెట్టు."

ఓదారుస్తోందనుకున్నాను. ఊపిరాడని మనిషి నన్ను ఓదార్చడం చూసి ఇంకా సిగ్గేసింది.

మజిలీ 99. బ్యాటరీ 11.2

ఉదయం ప్రయాణంలో ముందు బండి నుంచి పొగలా ఆవిరి లేచింది. రేడియేటర్ గొట్టం చీలింది. ఆ బండి తెరిచే చీటీ సుంకన్నది. వాడు తొందరపడి మూత తిప్పాడు, వేడి నీళ్లు ఎగజిమ్మి కుడి చెయ్యి బొబ్బలెక్కింది. వెంటనే ఇంకో చీటీ తీశారు. నా పేరు వచ్చింది.

మామ ముఖం మారింది. "వద్దులే ఈరన్నా. ఎల్లుండి పెద్దబావి కాడ సూసుకుందాం. నిదానంగా తోలుకోనొస్తా," అన్నాడు.

"నీళ్లు ల్యాకుండా ఇంజను యాడ దాకా పోతాది మద్దిలేటీ? పట్టుకుపోతే ఎవురు లాగాల?" అన్నాడు ఈరన్న.

నేను చుట్టిన తీగ మీదే కదా అనుమానం, గొట్టం కట్టడానికి ఏం, అని నవ్వుతూ అన్నాను కూడా. మామ నవ్వలేదు. బండి ముందుకు వచ్చి, వీపు తిప్పి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కుడి చేతిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. అయినా ఆ కుడి చెయ్యి వణుకుతోంది. భయంతో వచ్చే వణుకు కాదది. చాలాకాలంగా ఉన్న వణుకు. ఆ చేత్తో ఎవరూ సన్న తీగ చుట్టలేరు.

బానెట్టు ఎత్తాను. గొట్టం పైన చీలింది, గుడ్డా తీగా చుట్టి కట్టాను. కట్టి, చెయ్యి తుడుచుకుంటుంటే కింద డైనమో కనిపించింది. పెంకు సందుల్లోంచి ఎర్ర నూలు.

వంగి చూశాను. వేలు పెట్టి తడిమాను. అక్క చీర అంచు నూలే. ముడి నా ముడే, మూడు చుట్లు వేసి ఎడమకి లాగేది. ఒక్కటి కూడా కాలలేదు, వార్నీషు తేనె రంగులో మెరుస్తోంది. నా వెనక జనం ఉన్నారు, నా ముందు ఆయన వీపు ఉంది. పానా నా చేతిలోనే ఉంది. రెండు బోల్టులు విప్పితే నాది నా చేతికి వచ్చేస్తుంది. కానీ దాన్ని నా బండికి నేను బిగించుకోకూడదు. బిగించాల్సింది ఆయనే.

"అయిందా మే?" అన్నాడు మామ, ఇటు తిరక్కుండానే.

"అయింది మామా. గొట్టం చీలింది, కట్టినా."

"ఇంగేం ల్యా కదా?"

"ఏం ల్యా."

మూసి, లక్క కరిగించి నా ముద్ర వేశాను. పద్ధతి ప్రకారం ఆయన ఇటు తిరిగి నాకు దండం పెట్టాడు. నా కళ్లలోకి చూడలేదు. సుంకన్నను దూరంగా తీసుకుపోయి ఒక్కటే అడిగాను, మొన్న మామ బండికి నువ్వు బిగించినదాని నూలు ఏ రంగు అని. చేతికి ఆకుపసరు కట్టించుకుంటూ "ఎర్రదక్కా. మామ ఈసారి సోకు చేసినాడే అనుకున్యా," అన్నాడు. పాపం వాడికేం తెలుసు.

మజిలీ 99, మధ్యాహ్నం. బ్యాటరీ 11.1

తిత్తి నొక్కుతూనే అక్కను అడిగాను. ఇంకెలా అడగను, వదిలేసి అడగలేను కదా.

"ఆ పొద్దు నువ్వు కండ్లు తెరిచినావు. అవునా కాదా?"

నేను నొక్కుతూనే ఉన్నాను.

"తెరిచినా," అంది. "నా చీర దారం కదా, ఎట్ల కనిపిస్తాదో సూసుకుందామని తెరిచినా. ఆయప్ప నీది సంచిలో పెట్టుకోని తను చుట్టిన ఇంగోటి బిగిస్తాండె. నన్ను సూసినాడు. నోటి మీద ఏలు పెట్టుకున్యాడు. మజ్జాన్నం నువ్వు నిద్రపోయినంక వొచ్చి ఏడ్సినాడు మే. చేతులు వొణుకుతాండాయంట, రొండేండ్లాయనంట. అది తెలిస్తే ముందు బండి తీసేసి వంట బండిలో కూచోబెడతారని. పెద్దబావి కాడ మార్చిస్తానని ఒట్టు పెట్టినాడు."

"నీ ఊపిరి పోతాంటే కూడా చెప్పల్యా."

"నా ఊపిరి ఆయప్ప ఇచ్చిందే కదా. దుమ్మొచ్చిన యాడాది అందురూ పోతాంటే, మన ఇద్దర్నీ ఎక్కించుకున్యాది ఆ బండే. నువ్వు చిన్నదానివేం కాదు, నీకూ తెల్సు."

నాకు తెలుసు. తెలిసే ఇన్నేళ్లూ ఆయన్ను మామా అని పిలిచాను. కానీ ఒళ్లు మండింది.

"నీ ఊపిరి నీది అక్కా, ఎవరికైనా ఇచ్చుకో. నేను తప్పు చేసినానని అయిదారు దినాలు కుమిలిపోతాంటే పక్కనే పండుకోని సూసినావే. నా పేరు ఇచ్చేదానికి నువ్వెవురు?"

అక్క ఏడ్చింది. ఏడిస్తే ఊపిరి మరీ అందదు, అందుకని ఏడవొద్దని నేనే బతిమాలాల్సి వచ్చింది. తిత్తి వదల్లేదు. ఆమె మీద ఎంత కోపంగా ఉన్నా అంత గట్టిగానూ నొక్కాను.

మజిలీ 100. బ్యాటరీ 10.9

పెట్టె పూర్తిగా ఆగిపోయింది. రేపు ఉదయం పెద్దబావి. కుడి చేత్తో తిత్తి నొక్కుతూ ఎడమ చేత్తో రాస్తున్నాను కాబట్టి గీతలు ఇంకా పాడుగా ఉంటాయి. ఫరవాలేదు, చదివేవాడికి అలవాటే.

మామా, ఇక్కడి దాకా వచ్చావంటే అన్నీ చదివే ఉంటావు. నిన్ను పొగిడినవీ, నీ కాళ్లకు దండం పెట్టినదీ కూడా నీ నోటితోనే చదివి ఉంటావు. ముప్పైమందీ నీ ముందే కూర్చుని ఉంటారు. గొంతు ఆరితే నీళ్లు తాగు, బావి పక్కనే ఉంది. ఆగితే తప్పు లేదు, వదిలేస్తే తప్పు. అక్షరాలు దిద్దించినప్పుడు నువ్వే చెప్పావు.

నన్నూ అక్కనూ బండెక్కించుకున్న రోజు నేను మరిచిపోలేదు. చెయ్యి వణుకుతోంది మే, నాకూ ఒకటి చుట్టిపెట్టు అని ఒక్క మాట అంటే, ఎవరికీ తెలియకుండా నీ బండికీ నా బండికీ జీవితాంతం నేనే చుట్టేదాన్ని. నీ పేరే చెప్పేదాన్ని. అడగలేదు. నేను వీపు తిప్పినప్పుడు తీసుకున్నావు. నమ్మిన మనిషి వీపు చూసి తీసుకున్నావు మామా, నాకు అదొక్కటే మింగుడు పడటం లేదు. తీసుకున్నాక కూడా ఊరుకోలేదు. నీ చేతి వణుకును నా చేతికి అంటగట్టి, తర్వాత పిల్లను క్షమించండి అన్నావు. నేను నిన్ను నమ్మినంతగా నా చేతుల్ని కూడా నమ్మలేదు, అందుకే నీ మాట విని వాటినే తిట్టుకున్నాను.

నిన్ను ఏం చెయ్యాలో బిడారు చూసుకుంటుంది. నేను అడిగేది ఒక్కటే. నీ బానెట్టు సుంకన్న ఎడమ చేత్తో తెరుస్తాడు, లక్క మీద ఉన్నది నా ముద్రే. అందులోంచి ఎర్ర నూలుది తీయించుకుని, పుస్తకం మూసి, పానాలు పట్టుకుని ఏడో నంబరు బండి దగ్గరికి రా. చెయ్యి వణికితే వణకనీ, బోల్టు పట్టుకోవడానికి నేను సాయం చేస్తాను. అక్క మంచం ముందు చక్రం పక్కనే వేస్తాను, ఆమె కళ్లు తెరుచుకునే ఉంటుంది.

నేను బానెట్టుకు ఎదురుగా నిలబడతాను. ఈసారి వీపు తిప్పను.